ఒళ్ళో చేతులు

నా పని ఇప్పుడు కూర్చోవడం.
కర్నూలు నుంచి అనంతపురం దాకా
రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకొని
ఫోటో స్టూడియోలో కూర్చున్నట్ల.

స్టీరింగు దానంతటదే తిరుగుతాది.
మొదటి దినం రోమాలు లేచినాయి,
గాలి పట్టిన మనిషి తల తిరిగినట్ల.
ఇప్పుడు అలవాటైంది.
ముందర కట్టిన నిమ్మకాయ
కెమెరాకు అడ్డమని పీకేసినారు.
డోన్ కాడ లేను మారుతాది, నన్నడగదు.
ప్యాపిలి ఎక్కుడులో గేరు కోసం
నా ఎడమ చెయ్యి ఇంకా లేస్తాది,
ఆడ గేరే లేదు.
ఇరవయ్యారేండ్ల కాయలు
అరచేతుల్లో మెత్తబడినాయని మా హుసేన్‌బీ అంటాది,
సంబరమో ఎగతాళో తెలీదు.

గుత్తిలో ఆగదు. దానికి ఆకలి లేదు.
టీ కొట్టు పిల్లోడు గ్లాసు ఎత్తి చూపిస్తాడు,
అద్దంలోనుంచి చెయ్యూపుతా
ఎనభైలో పోతా.

దిగినాక కాగితం నింపాల.
స్టీరింగు ముట్టినావా? లేదు.
బ్రేకు తొక్కినావా? లేదు.
ఎన్నిసార్లు? సున్నా.
ఎన్ని సున్నాలు రాస్తే అంత మంచి డ్రైవరంట.
జీతం సున్నా కాదు, అదీ చెప్పాల.

పామిడి ఇవతల ఒక కల్వర్టు.
పద్నాలుగేండ్ల కిందట
టైరు గాలి చూడను దిగి
మా క్లీనరు కుళ్ళాయప్ప
మళ్ళా ఎక్కలేదు.
వెనక బండోడు నిద్రలో ఉండాడు.
దీనికి నిద్ర రాదు. ఒప్పుకుంటా.
ఆ రాత్రి ఆ వెనక బండి ఇదై ఉంటే
వాడు ఈ పొద్దు సొంత లారీ కొని
నాకే బాడుగలు దొరక్కుండా చేస్తుండె.

ఆ కాడ రెండుసార్లు హారను కొట్టి పోవడం
పద్నాలుగేండ్ల లెక్క.
ఈ బండెక్కినాక నెల దినాలు
పండ్లు కొరుక్కొని ఊరికే పోయినా.
మొన్న చెయ్యి ఆగలేదు.

యార్డులో ఇంజనీరు పిల్లోడు
స్క్రీను నా పక్కకు తిప్పినాడు.
"మౌలాలన్నా, ఈడ ఏముందని హారను కొట్టినావు?
రోడ్డంతా ఖాళీ."
"మనిషి" అన్నా.
వెనక్కి జరిపి చూసినాడు. ముందుకు. మళ్ళా వెనక్కి.
"ఎవరూ కనపల్లేదే!"
"నాకూ కనపల్లేదు నాయనా."

వాడు కొంచేపు నా చేతుల్దిక్కు చూసి
కారణం అనే గడిలో
ఏందో ఇంగ్లీషులో రాసుకున్నాడు.
నేనడగలేదు.