పదిహేడో చుక్క

బల్లార్షా. మే నెల. నలభై ఆరు.
రేకుల కింద కూలరు
నీళ్లయిపోయి వట్టి వడగాలి ఊదుతోంది.

సీసాలో పదహారు గ్రాముల సిమెంటు, నాలుగు గ్రాముల బూడిద,
యాభై మిల్లీలీటర్ల నీళ్లు.
ఒక్క చుక్క మందు వేసి, మూత బిగించి
పదిహేను సెకన్లు ఊపుతాను.
మూత తీసి, సీసా అంచుకు కన్ను ఆనించి చూస్తాను.
నురుగుందా, విరిగిందా.

మొన్నటి లారీది ఆరో చుక్కకే నిలిచింది.
దీనికి పదకొండైనా లేదు.
బాయిలర్లో కాలీకాలక తప్పించుకున్న బొగ్గు
ఈ బూడిదలో దాక్కుంది.
పడ్డ చుక్క పడ్డట్టే తాగుతోంది.

"రంగు చూస్తేనే తెలుస్తది తాయీ"
అంటాడు ఖోబ్రగడే, చిటికెడు వేళ్లమధ్య నలుపుతూ.
తెలుస్తుంది.
కాగితానికి మాత్రం అంకె కావాలి.

సాస్తి బాయి ఎక్కి వచ్చిన నాయిన అంగీ
ఇట్లాగే తాగేది సబ్బును.
మొదటి రుద్దుకు నురుగే రాదు, నల్లటి జిగురు కారేది.
రెండోసారి కొద్దిగా బూడిదరంగు.
మూడోసారికి తెల్లగా పొంగితే అమ్మ నడుం పట్టుకుని లేచి
"ఇగ దీని కడుపు నిండింది" అనేది.
కిరాణా పద్దులో ఓదెలు పేరు కింద
బియ్యం తర్వాత సబ్బుబిళ్లలే.

ఈ కాంక్రీటు ఎక్కడో ఉత్తరాన కొండల్లో వంతెనకట.
అక్కడ రాత్రిపూట
రాతిలో దూరిన నీళ్లు గడ్డకట్టి, ఉబ్బి,
జరగమని ఒత్తుతాయట.
కంటికానని ఈ బుడగలే వాటికి జాగా.
అవి లేకుంటే చలికాలానికి ఒక పొర
పెచ్చులు పెచ్చులుగా రాలిపోతుందట.

నేను మంచు చూడలేదు.
గేటు దగ్గర గోలాబండి మీద
గోనెపట్టా కింద కరుగుతున్న ఐసుగడ్డ,
నాకు తెలిసింది అంతే.

పదిహేను. లేదు.
పదహారు. వచ్చింది,
గడియారం సగం తిరగకుండానే చిట్లింది.
పదిహేడు.
సీసా లోపల గోడ పొడుగునా
సన్నటి తెల్లటి వలయం.
నలభై అయిదు సెకన్లు లెక్కపెట్టాను. కదల్లేదు.

"కడుపు నిండింది" అన్నాను తెలుగులో.
ఖోబ్రగడే తలెత్తాడు.
మరాఠీలో చెప్పబోయి ఊరుకున్నాను.

ఎన్ని చుక్కలైనా పొయ్యొచ్చు, అది కాదు సంగతి.
మొన్న ఆరు, ఇవాళ పదిహేడు, రేపెంతో
ఎవరికి తెలుసు?
రిజిస్టర్లో రాసి, పక్కన "వాపసు" అని గీత కొట్టాను.

కిటికీ అవతల డ్రైవరు
టైరు నీడలో కూచుని నా ముఖమే చూస్తున్నాడు.
రెండు రోజుల కిరాయి అతనిది.
సీసా కడగడానికి లేచాను.
నల్లాలో నీళ్లు రావడంలేదు.