కరెంటు వచ్చే వరస

హుద్‌హుద్ వెళ్ళిన మర్నాడు
యూనివర్సిటీ గుట్ట మీద ఆకున్న చెట్టు లేదు.
జువాలజీ ల్యాబ్‌లో ఇంక్యుబేటర్ చల్లబడింది.
ఆనందపురం హేచరీ నించి తెచ్చిన ముప్పైరెండు గుడ్లు
మంగళవారం తెరిచి చూడాల్సినవి
ఆదివారమే ఆగిపోయాయి.

నేనక్కడ అటెండర్ని.
పెంకుకి కిటికీ కొయ్యడం నాకొచ్చు,
లోపలున్నదానికి పేరు చెప్పడం శాంభవి మేడం పని.
ఒకసారి మైక్రోస్కోపు నాకిచ్చి చూడమన్నారు.
సన్నటి పలక. రెండంచులూ లేచి
కజ్జికాయ మూసినట్టు
ఒకదాన్నొకటి పట్టుకుంటున్నాయి.
"ఇదే మెదడు, నూకరత్నం."
అంచు విడిపోతే నూనెలో పాకమంతా పోతుంది కదండీ, అన్నాను.
ఆవిడ నవ్వలేదు.

ప్రతి కణంలోనూ పుస్తకం మొత్తం ఉంటుందట,
గోటి రాత, జుట్టు రాత, పైత్యరసం రాత.
చదవడం కాదట గొప్ప,
ఏ పేజీ తెరవకూడదో తెలియడం.
ఇంకో మాట కూడా చెప్పారు, ఆ రాత్రి నిద్ర పట్టలేదు:
"చర్మం అవ్వు, చర్మం అవ్వు" అని చుట్టూ ఒకటే కేక.
ఆ కేకకి ఎక్కడ అడ్డు పడుతుందో
అక్కడ మెదడు మొదలవుతుందట.

మా ఆయన పైడిరాజు లైన్‌మేన్.
ఊరు చీకట్లో ఉన్నన్నాళ్ళూ స్తంభాల మీదే ఉన్నాడు.
ఇంటికొచ్చిన ఒక్క పూటా
చద్దన్నం ముందు కునుకుతూ తిన్నాడు.
మన వీధికెప్పుడు, అనడిగాను.
"ఒకేపాలి అన్నీ ఏసెత్తే ట్రాన్స్‌ఫార్మర్ పేలిపోద్దే.
ముందు పెద్దాసుపత్రి, ఎనక నీళ్ళ పంపులు.
మనం సీకట్లో ఉండాల, వంతొచ్చీదాకా."

అప్పటికి నాకు తెలీదు.
నెల తప్పితే తుఫాను బెంగ అనుకున్నాను.
బిందె పట్టుకుని ట్యాంకరు వెంట పరిగెత్తాను,
పాల పాకెట్టుకి వంద ఇచ్చాను, ఇచ్చి తిట్టాను.
లోపల, ఆవగింజంత చోట,
నన్నడక్కుండా ఎవరో స్తంభమెక్కారు.
ఇది వెయ్యి. ఇది ఇప్పుడొద్దు. ఇది ఎప్పటికీ వద్దు.
తల వైపు అంచు కలిసింది.
రెండ్రోజులాగి తోక వైపు.

తనెక్కడుందో కణానికెలా తెలుస్తుంది?
బస్సులో కళ్ళు మూసుకున్నా
ఫిషింగ్ హార్బర్ వాసన చిక్కబడేకొద్దీ
ఏ స్టాపో చెప్పగలం కదా, అలాగేనట.
ఇంత ఘాటుంటే నువ్వు కాలు కదిపే నరానివి,
కాస్త పలచనైతే ఇంకొకటివి.

నాలుగోరోజు ల్యాబ్ తాళం తీశాం.
గుడ్లన్నీ బకెట్లోకి పంపడం నా పని.
ఒక్కటి మాత్రం తెరిచి చూశాను.
సగం మూసుకుని ఆగిన పలక.
చూడకుండా ఉండాల్సింది.
ఆ పలకా నాతోపాటే ఎనిమిది నెలలు మోయబడింది.
ఆసుపత్రిలో ఫోలిక్ మాత్రలు చేతికిచ్చేసరికి
మూసుకోవాల్సింది మూసుకుని నెల దాటిపోయిందట.

జోషిత మూడేళ్ళొచ్చినా ఒక్క మాట మాట్లాడలేదు.
గాలివానలో పడ్డ పిల్ల, అంది అత్త.
నేను లెక్కలు కట్టేదాన్ని:
కిరసనాయిలు పొగా? ట్యాంకరు నీళ్ళా?
ఏ రాత్రి, ఏ స్విచ్చు మీద చెయ్యి జారింది?
పైడిరాజు మాత్రం చెప్పులు విప్పుతూ
"వంతు రానేదే" అనేవాడు.
కొట్టాలనిపించేది.

ఒక ఎండాకాలం సాయంత్రం కరెంటు పోయింది.
గంటన్నర. దోమలు, అట్టముక్క విసురు,
అరుగు మీద ఎవరిదో దగ్గు.
మళ్ళీ వెలిగినప్పుడు
వీధి వీధంతా ఓ అని అరిచింది, ఎప్పట్లాగే.
ఆ అరుపులో ఒకటి నా ఒళ్ళోంచి:
"వచ్చింది."

ఎందుకు ఆగిందో, ఎలా వచ్చిందో
ఎవరూ చెప్పలేదు. మేడం రిటైరైపోయారు.
ఇప్పుడు దానికి పదేళ్ళు.
క్లాసులో ఆపకుండా మాట్లాడుతోందని
నిన్న డైరీలో ఎర్ర సిరాతో రాసి పంపారు.
సంతకం పెట్టాను.
కింద జవాబుకి వదిలిన గీతల మీద
ఏమీ రాయలేదు.