మస్టరు పడని ముఖం

పుట్టిన ఇరవై దినాలు
నా బిడ్డెకు ముఖాలన్నీ ఒక్క తీరే.
నర్సమ్మను ఎట్ల చూసిందో
ఫ్యాను రెక్కల్ని సుత అట్లనే చూసింది.
దవాఖాన నుంచి తెచ్చిన ఆటో ఓదెలు గడ్డాన్ని
పరకాల దాటేదాక కన్ను మలపలే.

మూడో నెల పడ్డది.
ఇప్పుడు ఆమెకొక లెక్కున్నది.
నొసట గుండ్రంగ ఎర్రగ ఒకటుండాలె.
మా అత్త రాజవ్వ వంగితే నవ్వుతది.
ఎదురు క్వార్టరు తాహెరాబీకి బొట్టు లేదు,
ముక్కుపుల్ల మెరుపే చాలంటది.
అంగన్‌వాడీ సుగుణ సంచి దించకముందే
కాళ్లు కొట్టుకుంటది.

నేను వంగితే
నా భుజం మీదికెళ్లి సున్నం గోడను చూస్తది.
గోడ నాకన్న ఎరికైనది.

"ఏం లేదన్నా,
పిల్లలు ఎవల్ని ఎక్కువ చూస్తే
ఆ తీరు ముఖాలనే ఇష్టపడ్తరు" అన్నది సుగుణ,
బిడ్డెను కాంటా మీద పండబెట్టుకుంట.
ఐదు కిలోల నాలుగొందలు.

వేళ్ల మీద లెక్క కట్టిన.
సెకండ్ షిఫ్టు దిగి నేనొచ్చేసరికి ఆమె నిద్ర,
ఆమె లేసేసరికి నేను నిద్ర.
గనిల పదారేండ్లు నాగా లేదు నాకు,
ఇంట్ల ఒక్క మస్టరు పడలే.

కింద మాకు ముఖాలుండయి.
టోపీ లైటు ఎదురొస్తే
నడకను బట్టి, దగ్గును బట్టి ఫలానా అనుకుంటం.
పైకొచ్చి ఎంత కడుక్కున్నా
కండ్ల అంచుల బొగ్గు పోదు.
కాటుకనుకుంటదేమో అని ఆశపడ్డ.
అనుకోలే.

నిన్న మధ్యాన్నం, ఎవలూ లేంది చూసి
అద్దానికంటిచ్చిన నా పెండ్లాం టిక్లి తీసి
నొసట పెట్టుకున్న.
వంగిన.
బిడ్డె గోడను ఇడిచింది.
ముందు టిక్లి.
శానాసేపు టిక్లే.
అటెనుక, జారి,
నా కన్ను.
మీసం కాడికొచ్చేసరికి మూతి వంకర పెట్టింది గని
ఏడ్వలే.

సైరన్ కూసింది. ఉరికిన.
హాజరు చూసుకుంట సర్దారు
లైటు నా ముఖం మీద పెట్టి ఆగిండు.
"ఏందిర కొమురెల్లీ, ఇదేం యాశం?"
మ్యాన్‌రైడింగ్ పొడుగునా నవ్వులు
ఒకల నుంచి ఒకలకు చీకట్లకు దిగినయి.
నేను తియ్యలే.

గాజుల దుకాణంల టిక్లీలకు సైజులుంటయట.
రేపు చిన్నది పెడ్త.
ఎల్లుండి ఇంకింత చిన్నది.
గసగసాల గింజంత అయినంక
ఒకనాడు ఉత్త నొసలుతోని వంగుత.

మీసం సంగతి
ఆనాడు చూసుకుంటం.