మరకేదో మచ్చేదో

ఫర్వానియాలో శుక్రవారం సాయంత్రం
మా స్టూడియో మెట్ల మీద మన మాటే ఎక్కువ.
రాజంపేట, కోడూరు, పుల్లంపేట.
వారం మొత్తంలో ఆ నాలుగు గంటలే వాళ్లవి.
డబ్బు పంపే లైను నుంచి నేరుగా ఇటే వస్తారు.

కుళ్లాయమ్మ తెచ్చింది అరచేతంత ఫొటో.
మడత పడ్డచోటల్లా తెల్లటి దారి,
రంగులన్నీ ఎర్రమన్నుకు తిరిగినాయి.
పాస్‌పోర్టు కవరుకు అంటుకుపోయి
పదకొండేళ్లు బాబా ఇంటి బీరువాలో ఉండిందంట.
"పాస్‌పోర్టు వాళ్లకాడుంటే
మా యమ్మ గూడా వాళ్లకాడే గదా నాయనా"
అనింది, నవ్వుతానే.

ప్లాస్టిక్కును ఊరికే పీకితే ముఖం లేచొస్తుంది.
రాత్రంతా ఫ్రిజ్జులో పెట్టినాను, కోయా సేటు పెరుగు డబ్బా పక్కన.
పొద్దున్నే పళ్లసందుల్లో తిప్పే దారంతో
ఊపిరి బిగబట్టి విడదీసినాను.
బయట దుమ్ముగాలి. ఏసీ సందులోంచి
ఇసుక నా మెడ మీద రాలుతా ఉండింది.

స్కానరు కింద వెలుగు నడిచింది.
తిరునాళ్ల స్టూడియో. అట్ట విమానం.
కిటికీలోంచి తల్లీ, ఐదేళ్ల కూతురూ.
విమానం కింద ఎవరివో చెప్పులు.

నాలుగు వందల శాతం పెద్దది చేసి
చుక్క తర్వాత చుక్క.
ఇది బూజు. ఇది గీత. ఇది ఈగ రెట్ట.
ముక్కు పక్కన, గడ్డం మీద, నుదుట
గుంపులు గుంపులుగా మరకలు.
పక్కనున్న మంచి చర్మాన్ని అరువు తెచ్చి కప్పినాను.
రెండు రాత్రులు పట్టింది.
ఆ అమ్మ ముఖం తోమిన స్టీలు గిన్నెలాగా తేలింది.
గర్వంగానే ఉండింది, అబద్ధం ఎందుకు.

మళ్లీ శుక్రవారం.
చూసింది. కొంగుతో తెర తుడిచి మళ్లీ చూసింది.
"ఈమె ఎవురు?"

నేనేదో చెప్పబోయినాను.

"మా యమ్మకు చిన్నప్పుడు అమ్మవారు పోసింది నాయనా.
మొగమంతా గుంతలే.
పాలు తాగేటప్పుడు ముక్కు కింద గుంతలో
నా వేలికొన పెట్టేదాన్నంట.
పెద్దయినాక గూడా, నిద్రపట్టకుంటే ఆడనే.
ఇప్పుడు యాడ పెట్టాల వేలు?"

పాత స్కాను చెరపలేదు. అదొక్కటే నా అదృష్టం.
స్టూలు జరిపి పక్కన కూర్చోబెట్టినాను.
ఇది?
"మరక."
ఇది?
"అమ్మది."
ఇది?
కళ్లు మూసుకుంది. గాల్లో వేలు ఆడించింది.
"అమ్మదే. చెవి పక్కది. ఆ పక్క ఎప్పుడూ కొంగు కప్పుకునేది."

కింద డ్రైవరు హారన్ కొడతా ఉన్నాడు.
మామా ఫోను రెండుసార్లు మోగి ఆగింది.
తీయలేదు.

కణత మీద ఒకదాని దగ్గర మాత్రం ఇద్దరం చిక్కుకున్నాం.
బూజంటే బూజు, గుంతంటే గుంత.
ఎంత పెద్దది చేస్తే అంత తెలియకుండా పోయింది.
"ఉండనీలే" అనింది.
"ఎవురిదైతే ఏం, ఇన్నేళ్లూ ఆడనే ఉండాది."

మరి ఈ పాప మెడ మీద గీత?
"అది బీరువాది. తీసెయ్."

రెండు కాపీలు వేసినాను, ఒకటి చెల్లెలికి.
డబ్బు తక్కువ తీసుకుంటానంటే ఒప్పుకోలేదు,
దినారు నోటు గాజు బల్ల మీద చదును చేసి పెట్టింది.
పాతదాన్ని కూడా అడిగి తీసుకుంది.
పాస్‌పోర్టు కవర్లో పెట్టలేదు ఈసారి.

సగం మెట్లు దిగి మళ్లీ పైకొచ్చింది, ఆయాసంగా.
"ఆ చెప్పులు? చెరిపేయలేదు గదా?"

అవి ఫొటోగ్రాఫరువి అనుకున్నాను.
తీసేద్దామని మౌసు అక్కడి దాకా పోయి
ఎందుకో, బద్ధకమే అనుకో, వదిలేసినాను.
ఉన్నాయమ్మా, అన్నాను.

"విమానం మట్టవుతుందని విప్పమన్యాడు ఆయప్ప.
కొత్తవి. ఆ పొద్దే కొనింది."