చలి పద్దు

కడియం నర్సరీ కుర్రాడు
గోనెపట్టా విప్పి చూపించాడు:
మోకాలెత్తు కొమ్మ, పదకొండు ఆకులు,
ఒక్కో ఆకూ చంటిపిల్ల అరచెయ్యంత.
"మేపుల్ సార్. కొండల మీది సరుకు.
చలికి ఎర్రబడుద్ది."
ఏ చలికి అని అడగాల్సింది.
అడక్కుండా తొమ్మిదొందలిచ్చాను.

ఫిషింగ్ హార్బర్లో
ఐసు ఫ్యాక్టరీ లెక్కలు రాసేవాణ్ణి నేను.
దిమ్మలిన్ని, బుట్టలిన్ని, అప్పింత.
ఇరవయ్యారేళ్ళుగా పగలంతా చలిని తూచి
సాయంత్రం చెమటతో ఇంటికొస్తున్నాను.

కోటవీధిలో మా పెరడంటే
బట్టలుతికే బండ, నీళ్ళ డ్రమ్ము,
రెండు గోడల మధ్య చాపంత ఆకాశం.
పదింటి తర్వాత ఎండ తగలని మూల చూసి
కుండీ పెట్టాను.
ఎర్రమట్టి, కొబ్బరిపీచు, బొగ్గుముక్కలు, ఇసక.
ఇంటి ముందున్న బీచి ఇసక కాదు,
శారదా నది నుంచి సంచీతో మోసుకొచ్చింది.
ఉప్పు తెలిస్తే వేరు ఊరుకోదు.

పక్కింటి దాలమ్మ
పూర్ణా మార్కెట్లో చేపలమ్ముతుంది.
గోడ మీంచి తొంగిచూసి
"ఏటి బాబూ, కుండీలో గోంగూరేసినావు?" అంది.
కాదు దాలమ్మా, ఇది చలిదేశం చెట్టు.
"గోంగూరే. నాకు తెల్దేటి?"
ఆదివారం నేను లేనప్పుడు
నాలుగాకులు గిల్లి రొయ్యల్లో వేసిందట.
సాయంత్రం ఫిర్యాదు కూడా నా మీదే:
"నీ గోంగూరకి పులుపే నేదు!"

మిగిలినవి ఏడు.
సముద్రపుగాలి వాటి అంచుల్ని
బీడీ చురకల్లా కాలుస్తూ పోయింది.
తెల్లారి లేచి తడిగుడ్డతో తుడిచేవాణ్ణి,
జ్వరమొచ్చిన పిల్లకి తుడిచినట్టు,
ముందు వేళ్ళు, తర్వాత వేళ్ళ సందులు.

నవంబర్లో ఒక పొద్దున్న
ఆకులన్నీ ఎర్రగా!
చొక్కా అయినా తొడుక్కోకుండా దాలమ్మని కేకేశాను.
ఆవిడ ఒక ఆకుని వేలితో రాసి చూపించింది.
పోర్టులో దించుతున్న ఇనప ఖనిజం ధూళి.
వేలు ఎరుపు. ఆకు పచ్చ.
"మా ముంతలో నీళ్ళూ ఇలాగే ఎర్రబడతాయి" అంది.
ఆవిడ నవ్వలేదు.
నేనే నవ్వి, గుడ్డ తడుపుకున్నాను.

ఈ చెట్టు నిద్రపోవాలంటే
వెయ్యి గంటల చలి కావాలట.
రాత్రి కూచుని లెక్క కట్టాను.
విశాఖ ఖాతాలో చలి నిల్వ: దాదాపు సున్నా.
జనవరి మంచుపొద్దులు ఓ నాలుగు,
అదీ లంబసింగి దయతలిస్తే.
పెన్ను మూత పెడుతుండగా గుర్తొచ్చింది
నేనెక్కడ పనిచేస్తున్నానో.

చేపల థర్మాకోల్ పెట్టెలో
కుండీని కూచోబెట్టి
చుట్టూ ఐసుపొడి దట్టించాను.
డిసెంబరు, జనవరి, సగం ఫిబ్రవరి,
రోజుకో బుట్ట, సైకిలు వెనక,
కోటవీధి పొడుగునా కారుకుంటూ వచ్చేది.
కుక్కలు ఆ తడిని నాకుతూ
గుమ్మందాకా సాగనంపేవి.
పెరడంతా చందువ వాసన.
ఆకులు రాలాయి,
ఎర్రబడకుండానే, టీ పొడి రంగులో.

"సచ్చిపోనాది బాబూ. పీకీ."
గోరుతో బెరడు గీకాను.
లోపల నూలుపోగంత పచ్చ.
దాలమ్మకి దగ్గరివి కనపడవు;
వేలు పెట్టి తడిమి, కాసేపాగి,
"తడుంది" అంది.
ఆ మర్నాటి నుంచి
తన గంపలో మిగిలిన ఐసుముక్కలు
గోడ మీంచి విసిరేది,
ఏమీ అనకుండా.

మార్చి మూడోవారం
కొమ్మ చివర ఏదో ముడుచుకుని ఉంది,
పుట్టిన పిల్ల పిడికిలి.
ఎరుపు.
నేను నమ్మలేదు. దాలమ్మ అసలు నమ్మలేదు.
చెయ్యి కొంగుకి తుడుచుకుని
మెల్లిగా రాసి, వేలు ఎండలో పెట్టి చూసుకుంది.
వేలు వేలులాగే ఉంది.

నెలాఖర్లో ఖాతాలు మూసేటప్పుడు
డెబ్బై అయిదు బుట్టలు తేలలేదు.
ఓనరు కళ్ళజోడు నుదుటికెత్తి చూశాడు.
పద్దు ఎదురుగా "కరుగుదల" అని రాసి
సంతకం పెట్టాను.
కరిగిన మాట నిజమే.

ఇక వేట నిషేధం. ఐసు మరలు ఆగిపోతాయి.
ముందు మే నెలంతా ఉంది.
డ్రమ్ములో ఒక గోనెసంచి
నానబెట్టి ఉంచాను.