మూడు ముండ్లు

మిరుగం నాడు పొద్దుగాల
ధర్మసాగరం కట్ట మీద వల దులుపుతుంటే
గుచ్చింది జెల్ల,
బొటనేలి గోరు పక్కపొంటి.
చాప చిన్నదే, జానెడు గూడ లేదు.
నొప్పి మాత్రం మోచెయ్యి దాటి
సంకల పోయి కూసున్నది.

సున్నం రాసినం. పసుపు పెట్టినం.
చెయ్యి బూరె లెక్క పొంగినంక
బస్సెక్కి హన్మకొండ వచ్చి
నక్కలగుట్ట డాక్టర్ కాడ
పదకొండో నెంబరు చీటి తీసుకున్న.
ఇంటిపేరు పిట్టల అంటే
చీటి రాసే పిల్ల నవ్వింది:
"పిట్టలోళ్లు చాపలు పడ్తరా?"
పడ్తం బిడ్డా,
అప్పుడప్పుడు అవే మమ్మల్ని పడ్తయి.

ఎదురుంగ అద్దాల డబ్బ.
అండ్ల ఒక్కటే చాప.
నెత్తి మీద ఎర్రటి బొడిప,
ఒంటి నిండ పట్టుచీరె మెరుపు.
నా ఉబ్బిన ఏలు అద్దానికి ఆనిస్తే
తిండనుకోని ఉరికొచ్చింది.
నోరు తెరుస్తది, మూస్తది,
సప్పుడు రాదు.

"ఇదే చెర్వుది?"
"ఏ చెర్వుదీ గాదు కాకా, ఫ్లవర్‌హార్న్.
మనుషులే కలిపి పుట్టిచ్చిన్రంట.
ఉన్నకాడ కలిసొస్తదంట."
ధర ఇరవై రెండు వేలు.
మల్ల అడిగిన,
చెవులు గూడ ఉబ్బినయేమోనని.

జెల్ల కిలో రెండొందలు,
మిరుగం నాడైతే మూడొందలు.
గీ ఒక్కదానికి
డెబ్బై మూడు కిలోల జెల్లలు రావాలె.
కిలోకు ఇరవై తూగుతయి,
చాపకు మూడు ముండ్లు...
ముండ్ల లెక్క కాడ ఆగిపోయిన.

మా జెల్లకు ఏం సోకున్నది?
బురద రంగు, పిల్లి మీసాలు.
పట్టుకుంటే కిర్రుకిర్రుమంటది,
తిడ్తదో ఏడుస్తదో
నలభై ఏండ్ల సంది తెలుస్తలేదు.
రెక్కకొకటి, ఈపున ఒకటి
ముల్లు నిక్కబొడిచిందంటే
సచ్చినంక గూడ దించది.

ఇంట్ల కోమల
పట్కారు పట్టుకోని కూసుంటది.
మూడు ముళ్లేసినోన్ని నేను,
గా నాటి సంది
మూడేసి ముండ్లు ఇరిచేది తను.
టక్, టక్, టక్.
పేరుకే కోమల.
చింతపులుసు, మెంతిపిండి, ఎల్లిపాయ,
రాత్రి కూర తెల్లారి తినాలె.
విషం ఎటు పోయిందో తెల్వది,
తలకాయ చీకుతుంటే
పగోడు గూడ యాదికి రాడు.

అద్దాల చాప రుచి ఎవనికెరుక?
దాన్ని తిట్టెటోడు లేడు,
వండెటోడు లేడు.
దాని ముల్లు ఏ ఏల్ల ఇరిగింది?
"ఇది సచ్చిపోతే ఏం జేస్తరు బిడ్డా?"
పిల్ల పెన్ను ఆపింది.
"పోయినేడు ఒకటి సచ్చింది కాకా.
కవర్ల కట్టి చెత్తబండిల ఏశినం.
సారు ఆ దినం పేషెంట్లను సూడలే."
గప్పుడు దాన్ని మల్లొకసారి సూసిన.
ఎందుకో సూసిన.

డాక్టర్ చెయ్యి పట్టుకోంగనే
"జెల్లనా?" అన్నడు.
వేడినీళ్లల్ల ముంచిండు, సూదేసిండు,
ముల్లు ముక్క తీసి
దూది మీద పెట్టి సూపిచ్చిండు.
నూగుగింజంత లేదు.
"నాలుగు దినాలు నీళ్లల్ల దిగకు.
ఐదోనాడు రెండు కిలోలు తే.
మా అమ్మ పోయినంక తినలే.
ముండ్లు తీసి తే."

తీస్తం సారు, అన్న.
తీసేది నేను గాదని చెప్పలే.

బస్సు ములుగు రోడ్డు కాడ మలుపు తిరిగి
అటెటో పోయి వచ్చింది, ట్రాఫిక్ అంట.
కిటికీ పక్కన కూసోని
కట్టు గట్టిన ఏలు చెవి కాడ పెట్టుకున్న.
లోపల ఇంకా
కిర్రుకిర్రుమంటున్నది.