తరుగు

మార్చి ముప్పై. రాత్రి పన్నెండుకు పోర్టల్ బందు.
బాటనీ డిపార్ట్‌మెంట్ల ఇంకా లైటు ఆర్పలె.
ఓదెలు తాళంచెవుల గుత్తి ఆడించుకుంట
రెండుసార్లు తొంగి చూసి పోయిండు.

స్వీయ మదింపు పత్రం, పన్నెండు పేజీలు.
అచ్చయిన పేపర్లు? రెండు.
సెమినార్లు? ఒకటి, కరీంనగర్‌ల, సొంత ఖర్చుతోటి.
పేటెంట్లు?
గడిల సున్నా పెట్టిన.
సున్నా కూడా కొంచెం సిగ్గుపడి ముడుచుకున్నట్టే ఉంది.

పక్కగది సారుకు ముప్పైనాలుగు పేపర్లు.
నాలుగు వేలు కడితే పదిహేను దినాల్ల
అచ్చేసే పత్రికలున్నయి.
నేనేం తప్పు పట్టను.
ఆయన ప్రమోషన్ ఆరేండ్లు ఆగింది,
ఆయన బిడ్డ ఫీజు ఒక్కనెల ఆగలె.

చిన్నప్పుడు ఎనుమాముల మార్కెట్ల
మా బాపు మిర్చి బస్తాలు కాంటా మీదికెత్తేటోడు.
బస్తాకు రెండు కిలోలు తరుగు తీసేటోళ్లు,
తేమకని, దుమ్ముకని, సంచి బరువుకని.
"మరి ఘాటుకు ఎంత కలుపుతరు బాపూ?" అని అడిగిన.
తుమ్మి, నవ్వి, ఇంకో బస్తా ఎత్తుకున్నడు.
ఆ జవాబు ఇంకా బాకీ ఉన్నది.

మా లాబ్‌ల మైక్రోస్కోపులు పదకొండు.
పనిచేసేటివి నాలుగు.
బల్బులు మాడిపోతే అద్దం తిప్పి
కిటికీల నుంచి ఎండను పట్టుకుంటం.
మబ్బు పడితే ప్రాక్టికల్ లేదు.
జనవరిల ఒకరోజు, మబ్బు ఇడిసిన పావుగంటల,
ఈసం నాగమణి, తాడ్వాయి దిక్కు పిల్ల,
మూడు నెలలసంది హాజరుకు తప్ప నోరు తెరవని పిల్ల,
నేను ఉప్పునీళ్ల చుక్క వేసిన స్లైడుకు కన్ను ఆనించి
ఆనించి
ఒక్కసారి కేకేసింది:
"మేడం, ఆకుకు నోరున్నది! మూస్కుంటున్నది!"
క్లాసంతా బెంచీలు తోసుకుంట లేచి వరుస కట్టింది.
వాళ్లందరు చూసేసరికి మళ్ల మబ్బు పట్టింది.

దీన్ని ఏ గడిల రాయాలె?
'వినూత్న బోధనా పద్ధతులు' కింద రాసి చూసిన.
ఆధారం జతచేయమన్నది,
పీడీఎఫ్, రెండు ఎంబీలకు మించకుంట.

తొమ్మిదింటికి తౌటం వేణు వచ్చిండు
రెండు గ్లాసుల చాయ్ పట్టుకొని.
పదిహేడేండ్ల కాంట్రాక్టు.
వారానికి నాకంటె ఆరు క్లాసులు ఎక్కువ.
"చూడు వేణూ, మనిషిని ఇట్ల తూకమేస్తరా?" అన్న.
ఆయన ఏం మాట్లాడలె.
మౌస్ తీసుకొని పేజీలన్నీ మెల్లగ జరిపిండు
ఎవరిదో పెండ్లి ఆల్బమ్ చూసినట్టు.

"మీకు కాంటా అన్న ఉన్నది మేడం.
నన్నెవరు దాని మీదికి ఎక్కియ్యలె.
ఎండాకాలం తీసేస్తరు, వానలు పడ్డంక పెట్టుకుంటరు.
మంచిగ చెప్పిననా, చెడగొట్టిననా,
ఒక్కసారన్న ఎవరన్న అడిగితే బాగుండు."

చాయ్ మీద మీగడ కట్టింది.
అప్పటిదాక తిట్టుకున్న తిట్లు
వాపసు తీసుకోబుద్ధి కాలె.
గట్టిగ పట్టుకొని కూసునుడు కూడ చాతకాలె.

ఆఖరి పేజీ.
'మీ ఉద్యోగ సంతృప్తిని ఒకటి నుంచి ఐదు వరకు సూచించండి.'
ఖాళీగ వదిలితే ముందుకు పోదు,
ఎర్రచుక్క చూపెడ్తది.
ఒకటి పెడదామంటె ఆ పిల్ల కేక అబద్ధమైతది.
ఐదు పెడదామంటె పక్కకే వేణు ఉన్నడు,
ఎంగిలి గ్లాసులు రెండూ ఒక చేత పట్టుకొని.

మూడు నొక్కిన.
రెండు కిలోల తరుగు పోను.

'మీ పత్రం అందినది. ధన్యవాదములు.'

వేణు లాబ్ నల్లా కింద గ్లాసులు కడుగుతున్నడు.
ఓదెలు లోపలికొచ్చి
"అయిపోయిందా మేడం, పాసైనట్టేనా?" అన్నడు.
తెలువదన్న.
లైటు ఆర్పేముందు, ఎందుకో,
రేపు ఎండ కొడ్తదా అని ఆయన్నే అడిగిన.

"ఎండలకాలం ఎండ కొట్టక ఎటు పోతది మేడం" అనుకుంట
కిటికీ రెక్క దగ్గరికి వేసిండు,
గొళ్లెం పెట్టకుంట.